గుద్దుళ్ళు ఎక్కువైతే ఎలక్ట్రాన్ స్పిన్ తొందరగా పోతుందా, ఆలస్యంగా పోతుందా? నాలుగు మార్కులు పోయాయి, ఎవరైనా తేల్చండి

బ్రాడీపేట_4వలైను
ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్, సాలిడ్ స్టేట్ స్పెషల్. మొన్న ఇంటర్నల్‌లో ఘన పదార్థంలో ఎలక్ట్రాన్ స్పిన్ (ప్రతి ఎలక్ట్రాన్‌లో ఉండే చిన్న అయస్కాంతం లాంటిది) తన దిశని ఎట్లా కోల్పోతుందో రాసి, స్కాటరింగ్, అంటే గుద్దుళ్ళు, పెరిగితే స్పిన్ ఆయుష్షు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పమన్నారు. నేను గాలియం ఆర్సెనైడ్ గురించి చదివింది మనసులో పెట్టుకుని పెరుగుతుంది అని రాశా. మొత్తం కొట్టేసి నాలుగు మార్కులకి సున్నా వేశారు, వెళ్ళి అడిగితే మేడమ్ "గుద్దుకునే కొద్దీ దెబ్బ తగులుద్ది, దెబ్బ తగిలితే దిశ పోద్ది, ఇందులో తిరగేసి రాయడానికి ఏముంది" అన్నారు. రూముకొచ్చి ఇంకో పుస్తకం తీస్తే అందులో నిజంగానే మేడమ్ చెప్పినట్టే ఉంది, రాగి అల్యూమినియం లాంటి వాటిలో స్కాటరింగ్ పెరిగితే స్పిన్ తొందరగా పోతుందని. రెండూ మంచి పుస్తకాలే. మరి ఏది కరెక్టు? వచ్చే నెల సెమినార్ కూడా ఇదే టాపిక్ తీసుకున్నా, అందుకే అడుగుతున్నా, మార్కుల బాధ కాదు.

బీసెంట్_రోడ్డు
మేడమ్ చెప్పిందే కరెక్టు. ఆదివారం సాయంత్రం మా బీసెంట్ రోడ్డులో నడిచి చూడు, పది భుజాలు తగిలేసరికి ఎటు తిరిగి నిలబడ్డావో నీకే తెలీదు. ఎలక్ట్రాన్‌కైనా అంతే.

సన్నమిర్చి
తమ్ముడూ రీవాల్యుయేషన్ పెట్టు ముందు 😀

నిద్రలేని_పీహెచ్‌డీ
నా పీహెచ్‌డీ దీని మీదే (మాది గుంటూరే, కొత్తపేట), కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

బీసెంట్ రోడ్డు గారు, భుజం తగిలితే మనిషి తిరుగుతాడు, ఎందుకంటే భుజం మనిషికే ఉంది. కానీ మామూలు మలినం గానీ లాటిస్ (క్రిస్టల్‌లో పరమాణువుల వరస) కంపనం గానీ ఎలక్ట్రాన్‌ని తోసేది దాని ఛార్జి పట్టుకుని, స్పిన్‌ని పట్టుకుని కాదు. స్పిన్ వినేది మాగ్నెటిక్ ఫీల్డ్ మాట ఒక్కటే. మరి ఎలక్ట్రాన్ దారి మారితే స్పిన్‌కి ఆ కబురు ఎవరు చేరవేస్తారు అన్నదే అసలు ప్రశ్న. చేరవేసేది స్పిన్-ఆర్బిట్ కప్లింగ్. ఎలక్ట్రాన్ వేగంగా పోతూ ఉంటే కేంద్రకం తాలూకు ఎలక్ట్రిక్ ఫీల్డ్ దానికి మాగ్నెటిక్ ఫీల్డ్ లాగా కూడా కనపడుతుంది, బరువైన పరమాణువుల్లో ఇది బాగా ఎక్కువ.

ఇప్పుడు ఆ కబురు చేరే దారులు రెండున్నాయి.

ఒకటి, 1954లో ఎలియట్ చెప్పింది, 1963లో యాఫెట్ ఫోనాన్లతో (అంటే ఆ లాటిస్ కంపనాలతో) కలిపి పూర్తి చేసింది. స్పిన్-ఆర్బిట్ వల్ల క్రిస్టల్‌లో "పైకి" అనుకునే స్థితి వంద శాతం పైకి ఉండదు, పాలలో చెంచాడు నీళ్ళలాగా కాస్త "కిందకి" కలిసి ఉంటుంది. ఎలక్ట్రాన్ ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి గుద్దుకుని దూకినప్పుడల్లా, ఆ చెంచాడు నీళ్ళ వల్ల స్పిన్ తిరగబడే అవకాశం కొంచెం ఉంటుంది. వందల వేల గుద్దుళ్ళకి ఒకసారి అనుకోండి. ఎన్ని గుద్దుళ్ళు అయితే అన్ని అవకాశాలు. అంటే గుద్దుళ్ళు పెరిగితే ఆయుష్షు తగ్గుతుంది. రాగి, అల్యూమినియం, సిలికాన్, జెర్మేనియం అన్నీ ఈ దారే. మీ మేడమ్ చెప్పింది ఇది.

రెండు, 1971లో లెనిన్‌గ్రాడ్‌లో ద్యాకొనొవ్, పెరెల్ చెప్పింది. గాలియం ఆర్సెనైడ్‌లో ఒక బాండ్ తీసుకుంటే ఒక చివర గాలియం, ఇంకో చివర ఆర్సెనిక్, అంటే అటూ ఇటూ తిరగేస్తే ఒకేలా ఉండదు, ఇన్వర్షన్ సిమ్మెట్రీ లేదు. అలాంటి క్రిస్టల్‌లో ఎలక్ట్రాన్‌కి బయట ఏ అయస్కాంతమూ లేకపోయినా లోపలే ఒక ఫీల్డ్ తగులుతుందని 1955లోనే డ్రెసెల్‌హాస్ చూపించాడు, ఆ ఫీల్డ్ దిశ ఎలక్ట్రాన్ ఎటు పోతుందో దాన్ని బట్టి మారిపోతుంది. ఇక్కడ స్పిన్ తిరిగేది గుద్దుకున్నప్పుడు కాదు, గుద్దుడికీ గుద్దుడికీ మధ్య. గుద్దుకోగానే దారి మారుతుంది, దాంతో ఫీల్డ్ దిశా మారుతుంది, స్పిన్ ఇంకో ఇరుసు చుట్టూ మొదటి నుంచి తిరగడం మొదలుపెట్టాలి. గుద్దుళ్ళు త్వరత్వరగా వస్తే ఏ ఇరుసు చుట్టూ కూడా పెద్దగా తిరిగే తీరిక దొరకదు. అంటే గుద్దుళ్ళు పెరిగితే ఆయుష్షు పెరుగుతుంది. నువ్వు రాసింది ఇది.

కాబట్టి తమ్ముడూ నీ జవాబూ తప్పు కాదు, మేడమ్ మాటా తప్పు కాదు, ప్రశ్నలో ఏ పదార్థమో చెప్పకపోవడం తప్పు.

బ్రాడీపేట_4వలైను
అక్కా రెండు నెలల నుంచి తలకెక్కనిది ఇప్పుడెక్కింది. స్పిన్ గుద్దుడులో పోతుందా, గుద్దుళ్ళ మధ్యలో పోతుందా, అదే కదా తేడా.

ఆటోనగర్_లేత్
నాది లేత్ పని, ఫిజిక్స్ ఇంటర్‌తో ఆగింది, కానీ ఈ చర్చ వదల్లేకపోతున్నా. గుద్దుళ్ళ మధ్య తిరగడం అంటే బొంగరం తల ఊపుతుంది చూడండి, వేగం తగ్గేటప్పుడు నిలబడే గుండ్రంగా ఊగుద్ది, అదేనా?

నిద్రలేని_పీహెచ్‌డీ
అచ్చం అదే లేత్ గారూ. బొంగరానికి భూమి ఆకర్షణ ఎట్లాగో స్పిన్‌కి మాగ్నెటిక్ ఫీల్డ్ అట్లా, ఫీల్డ్ చుట్టూ తల ఊపుతూ తిరుగుతుంది. తేడా ఏంటంటే ఇక్కడ భూమి "కింద" అనేది ప్రతి గుద్దుడుకీ మారిపోతుంటుంది.

బీసెంట్_రోడ్డు
నేను ఒప్పుకోను ఇంకా. మాటలతో ఏదైనా చెప్పొచ్చు, లెక్క చూపించండి. మీరు చెప్పినట్టైతే గుద్దుళ్ళు పెంచుకుంటూ పోతే స్పిన్‌కి చావే ఉండదన్నమాట, అంటే ఎంత మురికి క్రిస్టల్ అయితే అంత మంచిదా? లాజిక్‌కి నిలబడుతుందా ఇది?

నిద్రలేని_పీహెచ్‌డీ
మంచి ప్రశ్న, లెక్కతోనే చెప్తా, అంకెలు సులువుగా ఉండేలా నేను పెట్టుకున్నవి.

లోపలి ఫీల్డ్‌లో స్పిన్ ఒక పికోసెకనుకి ఒక రేడియన్ తిరుగుతుంది అనుకుందాం. గుద్దుళ్ళే లేకపోతే ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో ఇరుసు చుట్టూ తిరిగేసి పికోసెకనులోనే మొత్తం గుంపు చెదిరిపోతుంది. ఇప్పుడు 0.1 పికోసెకనుకి ఒక గుద్దుడు పెట్టండి. ఒక్కో విడతలో స్పిన్ 0.1 రేడియన్ మాత్రమే తిరుగుతుంది, తర్వాత విడతలో ఇంకో వైపుకి. ఇది బొమ్మా బొరుసూ వేసి ముందుకో అడుగు వెనక్కో అడుగు వెయ్యడం లాంటిది, వంద సార్లు వేస్తే మొదలుపెట్టిన చోటు నుంచి సుమారు పది అడుగుల దూరంలో ఉంటావు, వంద అడుగుల దూరంలో కాదు. అంటే 0.1 రేడియన్ విడతలు వంద వేస్తే ఒక రేడియన్ దూరం. వంద విడతలంటే 10 పికోసెకన్లు. సరే, గుద్దుళ్ళు పదింతలు చెయ్యండి, 0.01 పికోసెకనుకి ఒకటి. విడతకి 0.01 రేడియన్. ఒక రేడియన్ దూరం పోవాలంటే పదివేల విడతలు కావాలి, అంటే 100 పికోసెకన్లు. గుద్దుళ్ళు పదింతలైతే ఆయుష్షూ పదింతలైంది.

ఇక చావు లేదా అంటే ఉంది. గుద్దుళ్ళు పెంచే కొద్దీ ఎలియట్-యాఫెట్ దారి పక్కనుంచి పెరుగుతూనే ఉంటుంది, రెండు రేట్లూ కూడుకోవాలి, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కుతుంది. ఎక్కడో ఒకచోట మురికి వల్ల వచ్చే లాభం ఆగిపోతుంది. గుద్దుళ్ళు మరీ తక్కువై, రెండు గుద్దుళ్ళ మధ్య స్పిన్ గిర్రున పూర్తిగా తిరిగేసేంత సమయం దొరికితే అప్పుడు ఈ బొమ్మాబొరుసు లెక్కే చెల్లదు.

బీసెంట్_రోడ్డు
ఆ బొమ్మాబొరుసు లెక్క రాసి చూశా, వస్తుంది. ఒప్పుకున్నా. నా భుజాల ఉదాహరణ ఎలియట్ దారికే పనికొస్తుంది అన్నమాట, అదీ సగమే.

పాతల్యాబ్_మాష్టారు
ముప్పై ఏళ్ళు ఎమ్మెస్సీ ల్యాబు చూసి రిటైరయ్యాను. అందరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. గుద్దుళ్ళు ఎక్కువైతే స్పిన్ నిలుస్తుంది అనేది వినడానికి కొత్తగా ఉంది గానీ, ఈ పిల్లలందరూ ఎమ్మెస్సీ ల్యాబులో దాని తోబుట్టువుని కళ్ళారా చూసినవాళ్ళే. ఈఎస్సార్ (మాగ్నెటిక్ ఫీల్డ్‌లో ఎలక్ట్రాన్ స్పిన్‌ని రేడియో తరంగాలతో తిప్పి చూసే) ప్రయోగంలో డీపీపీహెచ్ అని నల్లటి పొడి ఇస్తాం కదా, జీ విలువ (స్పిన్ అయస్కాంతం ఎంత బలమైందో చెప్పే అంకె) 2.0036 తెప్పించమని. ఆ పొడిలో ఒక్కో అణువుకి ఒక ఒంటరి ఎలక్ట్రాన్. పక్కపక్క అణువుల అయస్కాంతాల లాగుడు మాత్రమే ఉంటే ఆ సిగ్నల్ లైను పదుల గాస్‌లు (గాస్ అంటే మాగ్నెటిక్ ఫీల్డ్ కొలత) వెడల్పుండాలి. సీఆర్వో తెర మీద కనపడేది ఒకటి రెండు గాస్‌లే. ఎందుకు? పక్క ఎలక్ట్రాన్లు ఎక్స్ఛేంజ్ (పక్కపక్క స్పిన్లని కట్టి ఉంచే క్వాంటమ్ బంధం) వల్ల తమ స్పిన్లని ఎంతో వేగంగా మార్పిడి చేసుకుంటాయి, దాంతో ఒక్కో స్పిన్‌కి తగిలే ఫీల్డ్ అటూ ఇటూ ఊగిపోయి సగటున దాదాపు ఏమీ లేనట్టు అవుతుంది. 1953లో ఆండర్సన్, వైస్ లెక్క కట్టారు దీన్ని. వేగంగా కదిలే అలజడి స్పిన్‌ని ఏమీ చెయ్యలేదు, నెమ్మదిగా కదిలేదే చెడగొడుతుంది. ద్యాకొనొవ్-పెరెల్ లోపల ఉన్నదీ ఇదే సూత్రం. అదే డీపీపీహెచ్‌ని బాగా పల్చగా ద్రావణంలో కరిగించి మంచి ఎక్స్‌బ్యాండ్ (మైక్రోవేవ్) మెషిన్లో పెట్టండి, మార్పిడి ఆగిపోతుంది, ఒక్క లైను కాస్తా ఐదు లైన్లవుతుంది, రెండు నైట్రోజన్ కేంద్రకాలు ఒక్కొక్కటీ చెయ్యి వేస్తాయి కనక.

బ్రాడీపేట_4వలైను
మాష్టారూ మా ల్యాబులో డీపీపీహెచ్ చేశాం గానీ జీ తెప్పించి రికార్డు రాసేసి వచ్చేశాం, ఆ లైను అంత సన్నగా ఎందుకుందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

పాతల్యాబ్_మాష్టారు
అడగాలి నాయనా. జీ విలువ ఎప్పుడో తెలిసిందే, 2కి దగ్గరుంటుంది. ఆ వెడల్పులోనే ఉంది కథంతా.

స్కాన్_రూమ్
విజయవాడలో ఎమ్మారై టెక్నీషియన్‌ని. రోజంతా టీ1, టీ2 అనే మాటల్లోనే బతుకుతా, మీరందరూ "స్పిన్ పోయింది" అంటున్నారు గానీ ఏ పోవడం? టీ1 పోవడమా టీ2 పోవడమా? మాకైతే రెండూ వేరే బొమ్మలు, టీ1లో కొవ్వు తెల్లగా, టీ2లో వెన్నునీరు తెల్లగా. మాది ప్రోటాన్ స్పిన్ అనుకోండి, ఎలక్ట్రాన్ కాదు, కానీ పేర్లు ఒకటే కదా.

నిద్రలేని_పీహెచ్‌డీ
బాగా పట్టుకున్నారు, నేను ఆ రెండూ కలిపేసి రాశా. పేర్లు ఒకటే, సమీకరణాలూ ఒకటే, 1946లో బ్లాక్ రాసినవి. టీ1 అంటే పైకి ఉన్న స్పిన్ కిందకి పడటం, దానికి శక్తి తేడా ఉంటుంది, ఆ శక్తిని లాటిస్‌కి ఇచ్చెయ్యాలి. టీ2 అంటే ఫీల్డ్‌కి అడ్డంగా పడుకోబెట్టిన స్పిన్లన్నీ కలిసి తిరుగుతూ ఒకరికొకరు తాళం తప్పడం, దీనికి శక్తి పోనక్కర్లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడిచేవాళ్ళని తీసుకోండి. సీతానగరం వైపు నుంచి అందరూ ఒకేసారి బయల్దేరారు, ఒకరు జోరుగా ఒకరు మెల్లగా, పది నిమిషాలకి గుంపు చెదిరిపోయింది. చూసేవాడికి "అయిపోయింది, తాళం పోయింది" అనిపిస్తుంది, దీన్ని టీ2 స్టార్ అంటాం. ఇప్పుడు ఒకాయన విజిల్ వేసి అందరూ వెనక్కి తిరగండి అన్నాడు. ఎవరి వేగం వాళ్ళు మార్చకపోతే జోరువాడు దూరం నుంచి, మెల్లగావాడు దగ్గర నుంచి బయల్దేరి అందరూ సరిగ్గా ఒకే క్షణంలో సీతానగరం గేటు దగ్గరికి చేరతారు. 1950లో హాన్ స్పిన్లకి వేసింది ఆ విజిలే, స్పిన్ ఎకో. ఎకోలో కూడా తిరిగి రానిది ఏదైతే ఉందో, అంటే మధ్యలో ఫోన్ వచ్చి వేగం మార్చుకున్నవాళ్ళు, అదే అసలైన టీ2.

స్కాన్_రూమ్
మా స్పిన్ ఎకో సీక్వెన్స్ ఇదే. పన్నెండేళ్ళ నుంచి బటన్ నొక్కుతున్నా, బ్యారేజీ మీద నడిచేవాళ్ళని మాత్రం ఇప్పుడే చూశా.

తాడేపల్లి_తాటిచెట్టు
టీ2 ఎప్పుడూ టీ1 కంటే తక్కువే ఉంటుంది అని మా లెక్చరర్ చెప్పారు. కరెక్టేనా?

నిద్రలేని_పీహెచ్‌డీ
మామూలుగా తక్కువే ఉంటుంది. కానీ గట్టి హద్దు టీ1 కాదు, టీ1కి రెండింతలు. తాళం చెడగొట్టే వేరే కారణాలన్నీ తీసేసి, పైనుంచి కిందకి పడటం ఒక్కటే మిగిలితే టీ2 సరిగ్గా రెండు టీ1లు అవుతుంది.

స్కాన్_రూమ్
ఇంకోటి. మేము కాంట్రాస్ట్‌కి గాడోలీనియం ఇస్తాం, దానిలో ఏడు ఒంటరి ఎలక్ట్రాన్లు, అవి పక్కనున్న నీటి ప్రోటాన్ల టీ1 తగ్గించేస్తాయి, అందుకే ఆ చోటు వెలుగుతుంది. పక్క మూలకాలకి కూడా ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నాయిగా, గాడోలీనియమే ఎందుకు అని చాలాసార్లు అనుకున్నా.

పాతల్యాబ్_మాష్టారు
మీ ప్రశ్న ఈ చర్చకి సరిగ్గా నడుముకే వచ్చి తగిలింది. గాడోలీనియంలో 4ఎఫ్ గూడు సరిగ్గా సగం నిండి ఉంటుంది, ఏడు గదుల్లో గదికొక ఎలక్ట్రాన్. ఆర్బిటల్ కోణీయ ద్రవ్యవేగం మొత్తం సున్నా. ఆర్బిట్టే లేనప్పుడు స్పిన్-ఆర్బిట్ ఎక్కడిది? లాటిస్ కంపనాలు స్పిన్‌ని ఊపడానికి పట్టు దొరకదు, అందుకని దాని ఎలక్ట్రాన్ స్పిన్ మిగతా లాంథనైడ్ల కంటే చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. డిస్‌ప్రోషియంలో ఆర్బిట్ ఉంది, దాని స్పిన్ కళ్ళు మూసి తెరిచేలోగా పోతుంది, అంత వేగంగా ఊగేది ప్రోటాన్‌ని సరిగ్గా కదిలించలేదు. మళ్ళీ అదే పాఠం చూశారా, మరీ వేగంగా ఊగేదానికి బలం ఉండదు.

సన్నమిర్చి
మిర్చి యార్డులో కూర్చుని ఇది చదువుతున్నా, పక్కన వేలం పాట, బుర్రలో గాడోలీనియం.

ఆటోనగర్_లేత్
నాకో పెద్ద అనుమానం. మీరంతా నానోసెకను పికోసెకను అంటున్నారు. మా షెడ్డులో ఒక లౌడ్‌స్పీకర్ మాగ్నెట్ మా నాన్న కాలం నుంచి ఉంది, ఇప్పటికీ డ్రిల్లు చిప్స్ లాగుద్ది. స్పిన్ అంత తొందరగా దిశ మర్చిపోతే అది ముప్పై ఏళ్ళు ఎట్లా గుర్తుపెట్టుకుంది?

నిద్రలేని_పీహెచ్‌డీ
లేత్ గారు ఈ మొత్తం చర్చలో అందరికంటే మంచి ప్రశ్న వేశారు. మేము మాట్లాడేది ఒంటరి స్పిన్ల గురించి, రాగిలోనో సెమీకండక్టర్‌లోనో బయటి నుంచి పైకి నిలబెట్టినవి, వాటిని పట్టుకునే తోడు లేదు. మీ మాగ్నెట్‌లో కోట్లకోట్ల స్పిన్లు ఎక్స్ఛేంజ్ వల్ల ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసి నిలబడి ఉంటాయి. ఒకటి కాస్త ఊగినా పక్కవి దాన్ని లాగి నిలబెడతాయి, మొత్తం గుంపు ఒక్కసారి తిరగబడాలంటే మధ్యలో పెద్ద శక్తి గోడ దాటాలి, మామూలు వేడికి అంత బలం లేదు. ఇక్కడ బీసెంట్ రోడ్డు గారి భుజాలు నిజంగా పనికొచ్చాయి 🙂

ఆటోనగర్_లేత్
అర్థమైంది. అందుకేనా మేము జాబ్ ఎర్రగా కాల్చినప్పుడు మాగ్నెట్ అంటుకోదు? హార్డెనింగ్‌కి వేడి సరిపోయిందో లేదో మా మేస్త్రీ మాగ్నెట్ తగిలించే చూసేవాడు, అంటుకోకపోతే నూనెలో ముంచెయ్ అనేవాడు.

పాతల్యాబ్_మాష్టారు
అదే. ఇనుముకి 770 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే ఆ భుజాల మీద చేతులు జారిపోతాయి, దాన్నే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. మీ మేస్త్రీకి థర్మామీటర్ అక్కర్లేదు, చేతిలో ఉన్న మాగ్నెట్టే చాలు.

ఉండవల్లి77
మా ఊరి పక్కనే అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని 2025లో ప్రకటించారు, ఐబీఎం సిస్టమ్ టూ, 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ బిట్ల) హెరాన్ ప్రాసెసర్ అని పేపర్లో చదివా. ఈ స్పిన్ గొడవకీ దానికీ సంబంధం ఉందా? మా అబ్బాయి ఇంజనీరింగ్ సెకండియర్, ఏం చదవాలని అడుగుతున్నాడు.

నిద్రలేని_పీహెచ్‌డీ
ఆ మెషిన్‌లో క్యూబిట్లు సూపర్ కండక్టింగ్ సర్క్యూట్లు, ఎలక్ట్రాన్ స్పిన్లు కావు, కాబట్టి నేరుగా కాదు. కానీ అక్కడ కూడా ప్రతి క్యూబిట్ పక్కన టీ1 ఎంత టీ2 ఎంత అని రాసే ఉంటుంది, అవే మాటలు, ఎకో కూడా అదే ఎకో. స్పిన్‌నే క్యూబిట్‌గా వాడేవాళ్ళు వేరే ఉన్నారు, సిలికాన్‌లో. అక్కడ కథ ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్‌ని ఒక చిన్న గుంటలో, క్వాంటమ్ డాట్‌లో బంధించేస్తే అది పరిగెత్తదు, పరిగెత్తకపోతే గుద్దుళ్ళు లేవు, పైన చెప్పిన రెండు దారులూ దాదాపు మూసుకుపోతాయి. అప్పుడు మిగిలే శత్రువు కేంద్రకాలు.

గాలియం ఆర్సెనైడ్‌లో గాలియం రెండు ఐసోటోపులకీ ఆర్సెనిక్‌కీ, అన్నిటికీ న్యూక్లియర్ స్పిన్ 3/2. ఒక డాట్‌లో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్ లక్షల కేంద్రకాలని తాకుతూ ఉంటుంది, ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతమే, అవన్నీ కలిసి ఎటు లాగుతాయో ఎవరికీ తెలీదు. దాని వల్ల టీ2 స్టార్ సుమారు 10 నానోసెకన్లే. ఎకో వేస్తే మైక్రోసెకన్లకి వస్తుంది, అంటే ఆ కేంద్రకాలు మెల్లగా మారేవి కాబట్టి విజిల్ పనిచేసిందన్నమాట. గాలియం ఆర్సెనైడ్‌లో ఈ కేంద్రకాలని తీసెయ్యడానికి దారి లేదు, స్పిన్ లేని ఐసోటోపే లేదు.

సిలికాన్‌లో ఉంది. మామూలు సిలికాన్‌లో 4.7 శాతం మాత్రమే సిలికాన్-29, దానికే స్పిన్ ఉంది, మిగతావాటికి సున్నా. ఆ 4.7 శాతాన్ని కూడా ఏరి పారేసి శుద్ధ సిలికాన్-28 చేసి, అందులో ఫాస్ఫరస్‌కి అంటుకున్న ఎలక్ట్రాన్ మీద 2012లో కొలిస్తే చల్లటి ఉష్ణోగ్రతల్లో టీ2 సెకన్లలో వచ్చింది. సెకన్లు! నానోసెకను నుంచి సెకనుకి వంద కోట్ల రెట్లు.

ఉండవల్లి77
అంటే బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఐసోటోపులు ఏరారన్నమాట.

నిద్రలేని_పీహెచ్‌డీ
అదే, కానీ రాయీ గింజా ఒకే రంగు ఒకే సైజు. కాస్త బరువు తేడా ఒక్కటే. మీ అబ్బాయికి లీనియర్ ఆల్జీబ్రా, క్వాంటమ్ మెకానిక్స్ గట్టిగా చదవమనండి, ఏ రకం క్యూబిట్ గెలిచినా అవి పనికొస్తాయి.

తాడేపల్లి_తాటిచెట్టు
వజ్రం మర్చిపోయారు. వజ్రంలో నైట్రోజన్ పక్కన ఖాళీ ఉండే లోపం, ఎన్వీ సెంటర్ అంటారు, అక్కడ స్పిన్ మామూలు గది ఉష్ణోగ్రతలోనే మిల్లీసెకను దాటి నిలుస్తుంది, 2009లో కార్బన్-13ని ఏరేసిన వజ్రంలో చూపించారు. మన విజయవాడ మే నెలలో కూడా పనిచేస్తుంది 😀

బీసెంట్_రోడ్డు
కార్బన్ తేలిక కాబట్టి స్పిన్-ఆర్బిట్ తక్కువ, అందుకేనా? అట్లైతే గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర) ఇంకా గొప్పగా ఉండాలిగా?

నిద్రలేని_పీహెచ్‌డీ
ఉండాలనే అందరూ అనుకున్నారు. 2007లో మొదట కొలిచినప్పుడు నానోసెకను కంటే తక్కువ వచ్చింది, లెక్కలు చెప్పినదానికంటే ఎంతో తక్కువ. తప్పు గ్రాఫీన్‌దా, కింద పరిచిన ఆక్సైడ్‌దా, పైన అతుక్కున్న హైడ్రోజన్ లాంటి పరమాణువులు చిన్న అయస్కాంతాల్లా పనిచేస్తున్నాయా, కొలిచే కాంటాక్టులే స్పిన్‌ని తాగేస్తున్నాయా అని చాలా ఏళ్ళు కొట్టుకున్నారు. కాంటాక్టులు బాగుచేసి, బోరాన్ నైట్రైడ్ మధ్య పెడితే నానోసెకన్లకి ఎక్కింది. నా ఉద్దేశంలో ఈ రంగంలో అందరికీ దొరికిన గట్టి పాఠం ఇదే, వస్తువు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఎప్పుడూ ఉండదు.

బ్రాడీపేట_4వలైను
అక్కా ఇంకో రెండు. పీ-టైప్ గాలియం ఆర్సెనైడ్‌లో ఇంకేదో మూడో దారి ఉందని చదివా. రెండోది, ఇదంతా ఎట్లా కొలుస్తారు, స్పిన్ ఆయుష్షుని గడియారం పెట్టి చూడలేం కదా.

నిద్రలేని_పీహెచ్‌డీ
మూడో దారి బిర్, అరొనొవ్, పికస్, 1975. హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ఎక్కువున్నచోట, పీ-టైప్ అంటే అదే, ఎలక్ట్రాన్ హోల్‌తో ఎక్స్ఛేంజ్ చేసుకుని స్పిన్‌ని దానికి అంటగట్టేస్తుంది, హోల్ స్పిన్ వెంటనే పోతుంది. సెమినార్‌లో రెండు ముక్కలు చాలు దీని గురించి.

కొలవడం మాత్రం బాగా చెప్పు, అదే అందం. 1968లో లాంపెల్ సిలికాన్ మీద వృత్తాకార ధ్రువణ కాంతి వేసి స్పిన్లని ఒకవైపుకి తెచ్చాడు. గాలియం ఆర్సెనైడ్ అయితే సెలెక్షన్ రూల్స్ వల్ల మూడుకి ఒకటి నిష్పత్తిలో వస్తాయి, అంటే గరిష్ఠంగా 50 శాతం పోలరైజేషన్. అవి మళ్ళీ హోల్స్‌తో కలిసి వెలుగునిస్తాయి, ఆ వెలుగులో వృత్తాకార ధ్రువణం ఎంత ఉందో చూస్తే స్పిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఇప్పుడు అడ్డంగా మాగ్నెటిక్ ఫీల్డ్ పెట్టి మెల్లగా పెంచు. స్పిన్ ఎక్కువసేపు బతికేదైతే చిన్న ఫీల్డ్‌కే చాలా దూరం తిరిగిపోయి పోలరైజేషన్ పడిపోతుంది, తొందరగా చచ్చేదైతే పెద్ద ఫీల్డ్ కావాలి. సగానికి పడే ఫీల్డ్ చూస్తే ఆయుష్షు వచ్చేస్తుంది. జీ విలువ 0.44 పెట్టుకుని లెక్క చెయ్, 100 నానోసెకన్లకి 2.6 గాస్ వస్తుంది, ఒక నానోసెకనుకి 260 గాస్. అంటే గడియారం లేదు, ఫీల్డే గడియారం. దీన్ని హాన్లె ఎఫెక్ట్ అంటారు, ఆయన 1924లో పాదరసం ఆవిరిలో చూశాడు, అప్పటికి స్పిన్ అన్న మాటే పుట్టలేదు.

నా అనుభవం ఒకటి చెప్తా. మొదటి ఏడాది నా హాన్లె కర్వ్ రోజుకో వెడల్పు వచ్చేది. శాంపిల్‌ని చల్లబరిచే హీలియం అయిపోతుందన్న కంగారులో రాత్రిళ్ళు కూర్చుని శాంపిల్‌నే అనుమానించా, మూడు శాంపిళ్ళు మార్చా. చివరికి తెలిసింది, లేజర్ పవర్ రోజూ ఒకేలా పెట్టట్లేదు. ఆ వెడల్పు చెప్పేది స్పిన్ ఆయుష్షు ఒక్కటే కాదు, ఎలక్ట్రాన్ హోల్‌తో కలిసిపోయే ఆయుష్షు కూడా అందులోనే కలిసి ఉంటుంది, లేజర్ ఎక్కువైతే హోల్స్ ఎక్కువ, తొందరగా కలిసిపోతాయి. పవర్ తగ్గించుకుంటూ సున్నా దాకా గీత పొడిగిస్తే అప్పుడు అసలు అంకె వచ్చింది. నాలుగు నెలలు పోయాయి.

లైబ్రరీ_మూల
నేనూ పీజీకి పాఠం చెప్పేదాన్నే, పేపర్లు కూడా సెట్ చేస్తా. పైన అందరూ ఆ మేడమ్ తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు, కొంచెం ఆగండి. మా సిలబస్‌లో లోహాల రెసిస్టివిటీ తర్వాత అరపేజీలో స్పిన్ రిలాక్సేషన్ వస్తుంది, అక్కడ చెప్పేది ఎలియట్-యాఫెట్ ఒక్కటే. 120 స్క్రిప్టులు వారంలో దిద్దాలి. అయినా సరే, పిల్లవాడు గాలియం ఆర్సెనైడ్ అని పేరు పెట్టి రాసి ఉంటే కొట్టెయ్యకూడదు. బాబూ, నువ్వు పేరు రాశావా?

బ్రాడీపేట_4వలైను
లేదు మేడమ్. "సెమీకండక్టర్లలో" అని మాత్రమే రాశా. సిలికాన్ కూడా సెమీకండక్టరే కదా, అందులో ఎలియట్ దారే కదా.

లైబ్రరీ_మూల
అదీ సంగతి. నేనైతే రెండు మార్కులు వేసేదాన్ని.

బ్రాడీపేట_4వలైను
అప్‌డేట్. ఈ రోజు మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళా, మార్కుల సంగతి ఎత్తలేదు, అక్క రాసిన బొమ్మాబొరుసు లెక్క నోట్‌బుక్‌లో వేసి చూపించా. పది నిమిషాలు కదలకుండా చూశారు. తర్వాత "ఇది నాకు ఎవరూ ఇట్లా చెప్పలేదు, సెమినార్‌లో మొదట రాగిని పెట్టు, తర్వాత గాలియం ఆర్సెనైడ్ పెట్టు, రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద గియ్యి, నేను ముందు వరసలో కూర్చుంటా" అన్నారు. ల్యాబు తాళం కూడా ఇచ్చారు, శనివారం డీపీపీహెచ్ పెట్టి ఈసారి వెడల్పు కొలుస్తా. మాష్టారూ, మాది 13 మెగాహెర్ట్జ్ సెట్టు, ఏమైనా చూసుకోవాలా?

పాతల్యాబ్_మాష్టారు
చాలా చూసుకోవాలి. 13 మెగాహెర్ట్జ్‌కి రెజొనెన్స్ 4.6 గాస్ దగ్గర వస్తుంది, లైను వెడల్పే ఒకటి రెండు గాస్‌లు, కాబట్టి ప్రతి చిన్న తప్పూ పెద్దగా కనపడుతుంది. ముందు ఫేజ్ నాబ్ తిప్పి సీఆర్వో మీద నాలుగు పీకుల్ని రెండు చెయ్యి, అవి కచ్చితంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాకే వెడల్పు చదువు. రెండోది, భూమి ఫీల్డే మన దగ్గర సుమారు 0.4 గాస్ ఉంటుంది, 4.6లో అది దాదాపు పదో వంతు. కాయిల్స్ ఇరుసు ఉత్తర దక్షిణాలుగా పెడితే అది కూడా లెక్కలో కలిసిపోతుంది. తూర్పు పడమరలుగా తిప్పి పెట్టు. బల్ల మీద ఇనుప స్టూలు ఉంటే అవతలికి జరుపు.